గ్యాసు ప్యాకెట్టు ఐసుకు బదులు కాదు

చేపల వ్యాపారంలో ప్యాకెట్టు మాట నానాటికి బలపడుతున్నది. పచ్చి చేపను శుభ్రం చేసి, ముక్కలు కోసి, పళ్లెంలో పేర్చి, లోపలి గాలిని తీసివేసి, దాని స్థానంలో కొలత ప్రకారం ఎంచిన గ్యాసులు నింపి, పైన పారదర్శకమైన పొర అతికించి అమ్మే పద్ధతి ఇది. బ్రిటన్‌లో 1979లో మాంసంతో విరివిగా మొదలైన ఈ ప్యాకింగు తర్వాతి సంవత్సరాలలో చేపకు కూడా పాకింది. గ్యాసు వేస్తే సరుకు రెట్టింపు రోజులు నిలుస్తుందనీ, ఐసు భారం తగ్గుతుందనీ ఈ పద్ధతి గురించి తరచు చెప్పుకొనే మాట. ఇందులో మొదటి సగం కొంతవరకే నిజం. రెండవ సగం పూర్తిగా తప్పు. అది ప్రాణాల మీదికి తెచ్చే తప్పు కూడా.

ఆంధ్ర వర్తకులకు ఇది దూరపు సంగతి కాదు. దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. ఆకివీడు, కైకలూరు, భీమవరం ప్రాంతాల శీలావతి, బొచ్చె ఐసు నడుమ వెయ్యి కిలోమీటర్లకు పైబడి ప్రయాణించి హౌరా చేరుతున్నవి, అస్సాం వరకు కూడా పోతున్నవి. ఈ వ్యాపారం రెండింటి మీద నిలిచి ఉన్నది. ఒకటి ఐసు, రెండవది కొనేవాడి కన్ను. గ్యాసు ప్యాకెట్టు ఈ రెండింటి స్థానాన్నీ మార్చివేస్తుంది. కనుక పెట్టుబడి పెట్టే ముందే లాభనష్టాల పద్దు రెండు వైపులా రాసి చూసుకోవడం వివేకం.

గ్యాసులు చేసే పని

ప్యాకెట్టులో సాధారణంగా వాడేవి మూడు గ్యాసులు. అసలు పని చేసేది కార్బన్ డయాక్సైడు, అంటే పాత పాఠ్యపుస్తకాల బొగ్గుపులుసు వాయువు. చేపను కుళ్లబెట్టే క్రిములలో ముఖ్యమైనవి గాలి ఉంటేనే బాగా పెరిగే జాతులు. ఈ గ్యాసు చేపలోని నీటిలో, కొవ్వులో కరిగి వాటి పెరుగుదలను మందగింపజేస్తుంది. ఈ సంగతి శాస్త్రజ్ఞులకు 1930ల నుంచి తెలిసినదే. రెండవది నత్రజని. ఇది క్రిములను ఏమీ చేయదు. కార్బన్ డయాక్సైడు చేపలోకి ఇంకిపోయినప్పుడు ప్యాకెట్టు చొట్టపడకుండా నింపుడు సరుకుగా పనికివస్తుంది, ప్రాణవాయువును బయట ఉంచుతుంది. మూడవది ప్రాణవాయువు. తెల్లమాంసం గల సముద్రపు చేపలకు రంగు నిలవడానికి దీనిని కొంత కలుపుతారు. కొవ్వు చేపలకు కలిపితే కొవ్వు మక్కిపోతుంది కనుక మానివేస్తారు. తెల్లచేపలకు కార్బన్ డయాక్సైడు 40, ప్రాణవాయువు 30, నత్రజని 30 పాళ్లు. కొవ్వు చేపలకు కార్బన్ డయాక్సైడు 60, నత్రజని 40 పాళ్లు అన్నది బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చిన మోతాదు.

ఇక్కడ వర్తకుడు గుర్తుంచుకోవలసిన అంశం ఒకటి ఉన్నది. ఈ గ్యాసు చలిలోనే పనిచేస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 1.7 లీటర్ల కార్బన్ డయాక్సైడు కరుగుతుంది. 10 డిగ్రీల వద్ద 1.2 లీటర్లు, 20 డిగ్రీల వద్ద 0.9 లీటర్ల లోపే కరుగుతుంది. అంటే సరుకు వేడెక్కిన కొద్దీ ఒక వైపు క్రిములు విజృంభిస్తాయి, మరొక వైపు వాటిని అణచవలసిన గ్యాసు చేపను వదిలి బయటకు వస్తుంది. చలి తప్పిన ప్యాకెట్టుకు రెండు వైపులా దెబ్బ. గ్యాసు ఐసుకు తోడు కాగలదే తప్ప బదులు కాలేదని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

గ్యాసు ఎక్కువైతే మేలు ఎక్కువ అనుకోవడం కూడా పొరపాటే. మోతాదు మించితే మాంసం నుంచి నీరు కారి అడుగున చేరుతుంది. తూకంలో అది తరుగు, చూపులో అసహ్యం. రుచిలో పులుపు తగులుతుంది, ముక్క బిరుసు తప్పుతుంది. ఇవన్నీ ఒక ఎత్తు కాగా, పాత సరుకును గ్యాసు కొత్త సరుకుగా మార్చలేదన్నది మరొక ఎత్తు. పట్టిన వెంటనే ఐసులో పడి, క్రిముల సంఖ్య తక్కువగా ఉన్నప్పుడే ప్యాకెట్టులోకి వెళ్లిన చేపకే ఫలితం దక్కుతుంది. బేరం కుదరక మిగిలిపోయిన లోడును ప్యాకెట్టులోకి ఎక్కించాలని చూసేవారికి పొరకు, పళ్లేనికి పెట్టిన ఖర్చు కూడా తిరిగి రాదు.

రోజుల పద్దు

గ్యాసుతో ఎన్ని రోజులు కలిసివస్తాయి? సున్నా డిగ్రీల దగ్గర నిలవ ఉంచగలిగితే, చాలా రకాల చేపలకు సగానికి సగం రోజులు కలిసిరావచ్చునని మోటుగా లెక్క కట్టవచ్చు. అయితే చలి తప్పితే ఏమవుతుందో కూడా చూడాలి. చేప పాడయ్యే వేగానికి శాస్త్రజ్ఞులు కట్టిన లెక్క ఒకటి ప్రసిద్ధమైనది. సున్నా వద్ద ఒక రోజు గడిస్తే ఒక రోజే ఖర్చు. 5 డిగ్రీల వద్ద ఒక రోజు గడిస్తే రెండుంబావు రోజుల ఆయువు ఖర్చు. 10 డిగ్రీల వద్ద నాలుగు రోజులు ఖర్చు.

ఉదాహరణకు ఐసులో 14 రోజులు నిలిచే చేప అనుకుందాం. గ్యాసుతో అది 21 రోజులు నిలుస్తుందనుకుందాం. లాభం 7 రోజులు. ఇప్పుడు అదే ప్యాకెట్టు దారిలోనూ, దిగుమతి దుకాణంలోనూ కలిపి రెండు రోజులు 10 డిగ్రీల వద్ద ఉన్నదనుకోండి. రెండు రోజులకు ఎనిమిది రోజుల ఆయువు పోయింది. అంటే అదనపు నష్టం 6 రోజులు. గ్యాసు ఇచ్చిన ఏడింటిలో మిగిలినది ఒక్కటి. వేడిలో గ్యాసు పట్టు కూడా సడలుతుంది కనుక ఆ ఒక్కటీ నమ్మదగినది కాదు. పొరకు, గ్యాసుకు, యంత్రానికి పెట్టిన సొమ్ము అంతా రెండు రోజుల అజాగ్రత్తలో ఆవిరి.

పాశ్చాత్యుల లెక్కలను యథాతథంగా దిగుమతి చేసుకోవడం కూడా తగదు. 1990లలో డెన్మార్క్ పరిశోధకులు ప్యాకెట్టులోని కాడ్ చేపను పాడుచేసేది ఫోటోబ్యాక్టీరియం ఫాస్ఫోరియం అనే సముద్రపు క్రిమి అని తేల్చారు. కార్బన్ డయాక్సైడును అది తట్టుకోగలదు. ఉత్తర సముద్రాల కాడ్‌కు గ్యాసుతో కలిసివచ్చే రోజులు తక్కువ కావడానికి కారణం ఇదే. మన చెరువు చేపల సంగతి వేరు. వాటి మీద ఉండే క్రిములు వేరు. పైగా సముద్రపు చేప పాడైనప్పుడు ఘాటైన నీచు కంపునిచ్చే పదార్థానికి మూలమైనది మంచినీటి చేపలలో చాలా తక్కువ. కాబట్టి శీలావతికి ఎన్ని రోజులు, బొచ్చెకు ఎన్ని రోజులు అన్నది మన సరుకు మీద, మన ఎండలో పరీక్షించి తేల్చుకోవలసిన విషయం. ఇందుకు కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిజ్ఞాన సంస్థ ఉన్నది, దాని పరిశోధన కేంద్రం విశాఖపట్నంలోనే ఉన్నది. యంత్రం అమ్మేవాడి కరపత్రం కంటే ఆ కేంద్రంలో చేయించిన పరీక్ష విలువైనది.

రవాణా ఖర్చును కూడా మరువరాదు. ప్యాకెట్టులో చేప ఒక వంతు అయితే గ్యాసు రెండు నుంచి మూడు వంతులు ఉండాలి. అంతకు తగ్గితే చేపలోకి ఇంకడానికి గ్యాసు చాలదు. అంటే లారీలో చేప పట్టే చోటుకు మూడు నాలుగింతల చోటు కావాలి. కిరాయి ఇచ్చి గాలిని మోయించినట్లవుతుంది. హౌరాకు పోయే నిండు చేపల టోకు వ్యాపారానికి ఇది గిట్టుబాటు కాదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖ వంటి నగరాలలో ముక్కల రూపంలో చిల్లరగా అమ్మే సరుకుకే దీనిలో చోటు ఉన్నది.

కనిపించని ముప్పు

ఇంతవరకు చెప్పినది సొమ్ము నష్టం. ఇకపై చెప్పబోయేది ప్రాణ నష్టం. మట్టిలోనూ నీటి అడుగునా ఉండే క్లోస్ట్రిడియం బోట్యులినం అనే క్రిమి ప్రాణవాయువు లేనిచోట పెరిగి ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేస్తుంది. దీని జాతులలో కొన్ని, ముఖ్యంగా చేపలతో సంబంధం గల ఇ రకం, 3 డిగ్రీలు దాటితే చాలు పెరగగలవు. మామూలు ఫ్రిజ్ చలి దీనికి అడ్డు కాదు. 10 డిగ్రీలు దాటితే మిగిలిన జాతులు కూడా తోడవుతాయి. కార్బన్ డయాక్సైడు వీటిని నమ్మకంగా ఆపలేదు. ప్యాకెట్టులో కొంత ప్రాణవాయువు కలిపితే సరిపోతుందనుకోవడం కూడా భ్రమే. ఇతర క్రిములు దానిని తినివేసిన తర్వాత మిగిలేది గాలి లేని ప్యాకెట్టే.

ఐసులో విడిగా ఉన్న చేప ముందుగా కంపు కొడుతుంది. ఆ కంపే కొనేవాడికి కావలి. విషం తయారయ్యేలోగా చేపను ఎవరూ ముట్టుకోరు. గ్యాసు చేసే పని ఆ కంపు పుట్టించే క్రిములను అణచడమే కదా! అంటే కావలివాడిని నిద్రపుచ్చి తలుపు తీసి ఉంచడమే. చలి తప్పిన ప్యాకెట్టులో చేప చూపుకు, వాసనకు బాగానే ఉండగా విషం తయారు కావచ్చును. అమెరికాలో 1963లో గ్రేట్ లేక్స్ ప్రాంతపు పొగబెట్టిన చేపను గాలి తీసిన ప్యాకెట్లలో అమ్మగా, తిన్నవారిలో పలువురు బోట్యులిజంతో మరణించారు. అక్కడి వర్తకులు, అధికారులు దానిని నేటికీ మరువలేదు.

ఆ అనుభవం నుంచే నిబంధనలు పుట్టినవి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ మార్గదర్శకాల ప్రకారం, గాలి ఆడని ప్యాకెట్టులో పచ్చి చేపను గడ్డకట్టించకుండా అమ్మాలంటే దానిని 3.3 డిగ్రీల లోపు ఉంచాలి, చలి తప్పితే రంగు మారి చెప్పే గుర్తు ప్రతి ప్యాకెట్టు మీదా ఉండాలి. లేదా ప్రాణవాయువు ధారాళంగా లోపలికి వెళ్లే పొర వాడాలి. బ్రిటన్‌లో ఇటువంటి సరుకుకు ఇతర రక్షణ ఏదీ లేకపోతే, 3 నుంచి 8 డిగ్రీల మధ్య 10 రోజులకు మించి ఆయువు ఇవ్వరాదన్న మార్గదర్శకం ఉన్నది. గ్యాసు 21 రోజులు ఇస్తుందని పద్దులో రాసుకున్న వర్తకుడు ఈ 10 రోజుల గీతను కూడా పద్దులో రాసుకోవాలి.

మనవాళ్లు చేపను పులుసులో ఉడికించి తింటారు, ఈ భయం పచ్చిగా తినేవారికే గాని మనకెందుకు అని కొందరు వాదించవచ్చు. ఈ వాదనలో కొంత సత్యం లేకపోలేదు. బోట్యులినం విషం బాగా మరిగితే నశిస్తుంది. అయితే ముక్క లోపలి వరకు వేడి తగిలిందా లేదా అన్నది కోట్లాది వంటిళ్లలో ఎవరు చూస్తారు? పైగా హిస్టమిన్ అనే మరొక విషం ఉన్నది. సూర, కానాగంతలు, వంజరం వంటి సముద్రపు చేపలు పట్టిన తర్వాత ఐసు ఆలస్యమైతే ఇది తయారవుతుంది. ఒకసారి తయారయ్యాక గ్యాసు దీనిని తీయలేదు, గడ్డకట్టించినా పోదు, ఉడికించినా పోదు. పులుసు మరిగినంత మాత్రాన వర్తకుడి బాధ్యత తీరదు.

రంగు మోసం

నాలుగవ గ్యాసు గురించి కూడా చెప్పక తప్పదు. అది కార్బన్ మోనాక్సైడు. సూర చేప ఎర్రమాంసం గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతుంది, ధర పడిపోతుంది. ఈ గ్యాసు తగిలిస్తే చెర్రీపండు ఎరుపు వచ్చి రోజుల తరబడి పోకుండా నిలుస్తుంది. చేప పాడైనా రంగు మాత్రం పాడవదు. వాసన తీసిన పొగ రూపంలో దీనిని వాడుకోవడానికి అమెరికా 2000లో అభ్యంతరం చెప్పలేదు. ఐరోపా సమాఖ్య మాత్రం చేపకు దీనిని అనుమతించడం లేదు. హిస్టమిన్ ముప్పు గల చేపకే ఈ రంగు వేయడం కొనేవాడి కన్ను కప్పడమే. చట్టం ఏ దేశంలో ఏమి చెప్పినా, మన వర్తకులు దీని జోలికి పోకపోవడమే మేలని ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయం.

ఇందుకు కారణం దూరాన వెతకనక్కరలేదు. 2018లో కేరళలో ఫార్మలిన్ కలిసిన చేపలు పట్టుబడిన దరిమిలా దేశమంతటా అనుమానం రాజుకున్నది. ఆ ఏడాది జూలైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపల దిగుమతిని పది రోజులు నిషేధించింది. 2019 జనవరిలో పాట్నాలో పదిహేను రోజుల పాటు అమ్మకం నిలిచిపోయింది. కొందరి మీది అనుమానానికి చెరువు రైతు నుంచి లారీ యజమాని వరకు అందరూ మూల్యం చెల్లించారు. అప్పుడు వివాదం ఒక రసాయనం గురించి. రేపు ఒక గ్యాసు ప్యాకెట్టు తిని ఒక కుటుంబం ఆసుపత్రి పాలైతే, నిషేధం పది రోజులతో ఆగుతుందని ఎవరు హామీ ఇవ్వగలరు?

బాధ్యత ఎవరిది?

ఇంతవరకు మన చేపల బేరంలో కొనేవాడు మొప్ప ఎత్తి చూస్తాడు, కన్ను చూస్తాడు, వేలితో నొక్కి చూస్తాడు, వాసన చూస్తాడు. మూసిన ప్యాకెట్టులో ఈ పరీక్షలలో ఏదీ సాగదు. వీటి స్థానంలో రావలసినవి రెండు: తేదీ, థర్మామీటరు. ఈ రెండూ లేకుండా ప్యాకెట్టు కొనడం గోతంలో పిల్లిని బేరమాడడమే.

చట్టం దృష్టిలో కూడా పరిస్థితి మారుతుంది. విడి చేప మీద ఎవరి పేరూ ఉండదు. చేతులు మారిన కొద్దీ బాధ్యత పలచబడుతుంది. ప్యాకెట్టు మీద పేరు, చిరునామా, తేదీ ఉంటాయి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 27వ సెక్షన్ ప్రకారం గడువు తీరిన సరుకును సరఫరా చేసిన టోకు వర్తకుడు, పంపిణీదారుడు కూడా బాధ్యులు. తయారీదారు చెప్పిన జాగ్రత్తలకు విరుద్ధంగా నిలవ చేసినా బాధ్యులే. సురక్షితం కాని ఆహారం వల్ల మరణం సంభవిస్తే 59వ సెక్షన్ కింద ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం వరకు ఖైదు, 10 లక్షలకు తగ్గని జరిమానా ఉన్నవి. రెండు డిగ్రీల వద్ద ఉంచమని ప్యాకెట్టు మీద రాసి ఉండగా గుమ్మం ముందు ఎండలో దింపించుకున్న కమీషను వ్యాపారి, నేను మధ్యవర్తిని మాత్రమే అని తప్పించుకోలేడు.

చేయవలసినవి

ఇంత చెప్పిన తర్వాత గ్యాసు ప్యాకింగు వద్దనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. చేతికి నీచు అంటకుండా, నీరు కారకుండా, తూకం ఖాయంగా ఉన్న ముక్కలు కొనాలనుకొనే నగర గృహిణికి ఇది మంచి సదుపాయం. మధ్యదళారీల చేతిలో చేప నలగడం తగ్గుతుంది. అయితే దీనిని రోజులు సాగదీసే ఉపాయంగా కాక, శుభ్రతకు, రూపానికి ఇచ్చే ధరగా చూడాలి. అలా చూసినవారికే ఇది గిట్టుబాటు.

ఈ వ్యాపారంలో దిగదలచినవారు కొన్ని షరతులు తమకు తామే విధించుకోవడం మంచిది. ప్యాకింగు చెరువుకు, రేవుకు దగ్గరలో జరగాలి. సరుకు పట్టిన రోజే ఐసు మీద చేరాలి. ప్యాకెట్లు కూడా ఐసులోనే, లేదా 3 డిగ్రీలు దాటని వాహనంలోనే ప్రయాణించాలి. ప్రతి లోడుతో ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న యంత్రం వెళ్లాలి, దాని చీటీ చూశాకే దిగుమతిదారు సంతకం చేయాలి. చీటీలో చలి తప్పినట్లు తేలితే నష్టం ఎవరిదన్నది బేరం కుదిరేటప్పుడే కాగితం మీద రాసుకోవాలి. ప్యాకెట్టు మీద రక్షక వాయువుతో ప్యాక్ చేసినదని స్పష్టంగా రాయాలి. ఐరోపా సమాఖ్యలో ఇది తప్పనిసరి. ఆయువు 10 రోజులకు మించరాదు. కార్బన్ మోనాక్సైడు వాడరాదు. అతుకులు గట్టిగా ఉన్నవో లేవో, లోపలి గ్యాసు పాళ్లు సరిగా ఉన్నవో లేవో ప్రతి విడతలో కొన్ని ప్యాకెట్లు తీసి పరీక్షించాలి.

ఇవన్నీ ఖర్చుతో కూడినవే. భీమవరం, విశాఖ, కాకినాడల రొయ్యల ఎగుమతిదారులు ఇటువంటి నిబంధనలను విదేశీ కొనుగోలుదారుల కోసం ఏనాడో అలవాటు చేసుకున్నారు. ఇంటి మార్కెట్టులో కొనేవాడి ప్రాణం వారికంటే చవక కాదు. ఈ ఖర్చు భరించగల వర్తకుడు ధైర్యంగా గ్యాసు ప్యాకింగులో దిగవచ్చు. భరించలేనివారికి కొట్టిన ఐసు, మంచి థర్మోకోల్ పెట్టె, త్వరగా కదిలే లారీ ఇప్పటికీ నమ్మదగిన పెట్టుబడే. ఐసు ఖర్చు మిగులుతుందన్న ఆశతో గ్యాసు వైపు చూసేవారు మాత్రం ఆ ఆశను ఇప్పుడే మానుకోవడం వారికీ, వారి సరుకు తినేవారికీ క్షేమం.